మహారాజశ్రీ కాగితపు ఆస్ట్రోలేబ్ గారికి

జర్మనీలోని నూరెంబెర్గ్ వాస్తవ్యులు, పరికరాలు చేసే గెయోర్గ్ హార్ట్‌మన్ గారి అచ్చు సంతానం, సూర్యుడి ఎత్తూ చుక్కల ఎత్తూ కొలిచి వేళ చెప్పే మహారాజశ్రీ కాగితపు ఆస్ట్రోలేబ్ గారికి నమస్కారాలు.

ముందుగా మీ దుకాణదారు హార్ట్‌మన్ గారి తెలివికి దండం పెట్టాలి. 1518లో ఆ ఊళ్లో స్థిరపడి, సెబాల్డ్ చర్చిలో కొలువు చేస్తూనే ఇత్తడి ఆస్ట్రోలేబులు, గోళాలు, నీడ గడియారాలు చేసి అమ్మారు. ఇత్తడి కొనే స్తోమత లేనివాళ్ల కోసం రాగిరేకు మీద అంకెలూ గీతలూ తిరగేసి చెక్కి, కాగితాల మీద దించి మిమ్మల్ని పుట్టించారు. ఆ షీట్లు పట్టుకెళ్లి కత్తిరించి, చెక్కకి అంటించి, బెజ్జం వేయడం కొన్నవాడి తంటా. గీత కుదిరితే హార్ట్‌మన్ గారి ప్రతిభ, బెజ్జం తప్పితే కొన్నవాడి ప్రారబ్ధం. ఇంత చక్కటి గ్యారంటీ పత్రం ఇప్పటి కంపెనీలకి కూడా చేతకాదు.

మీ ఆరోగ్యం మరీ సుకుమారం. రాగిరేకు నుంచి అచ్చు తీయాలంటే కాగితం తడపాలి. ఆరాక అది ముడుచుకుంటుంది, అదీ నిలువునా ఒకలా, అడ్డంగా ఇంకోలా. దాంతో ఖగోళం కాస్తా కోడిగుడ్డవుతుంది. అంటించేటప్పుడు పిండి జిగురు తడికి మళ్లీ సాగుతుంది. చెక్కకి ఒకవైపే అంటించాడా, ఆరుతున్న కాగితం లాగి చెక్కే వంగిపోతుంది. రెండోవైపూ అంతే మందం కాగితం వేస్తేనే నిలుస్తుంది. ఇంత చేశాక ఆ పిండి వాసనకి పురుగులు విందుకొస్తాయి.

పైన తిరిగే నక్షత్రాల జాలీ సంగతి సరేసరి. అందులో ఒక్కో ముల్లు ఒక్కో చుక్కని చూపిస్తుంది. కత్తి కాస్త జారితే ఒక ముల్లు తెగుతుంది, ఆకాశంలో ఒక చుక్క తగ్గుతుంది. దాన్ని తిప్పగా తిప్పగా నడిమి బెజ్జం అరుగుతుంది. మీరు 20 సెంటీమీటర్ల వెడల్పున్నారనుకుంటే, అంచు మీద ఒక డిగ్రీకి దక్కేది 1.7 మిల్లీమీటర్లు. ఇరుసు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే అర డిగ్రీ పైన గల్లంతు.

ఇక కొలత. ఉంగరం పట్టి వేలాడదీసి, వెనక తిరిగే పట్టీ రెండు రెక్కల బెజ్జాల్లోంచి ఎండ దూరేలా సర్ది, సూర్యుడి ఎత్తు చదవాలి. ఇత్తడి అన్నగారు తన బరువుతో నిటారుగా వేలాడతారు. తమరు గాలికి నాట్యం చేస్తారు. చూసేవాడికి ఒక డిగ్రీ తప్పితే ఏమవుతుందంటారా? నూరెంబెర్గ్‌లో, పగలూ రాత్రీ సమానమైన రోజున, పొద్దున్న ఎనిమిదింటికైతే ఏడు నిమిషాల తేడా. అదే మిట్టమధ్యాహ్నమైతే ముప్పావు గంట! ఆ వేళ సూర్యుడు పైకీ కిందికీ పెద్దగా కదలడు కదా. అక్కడ మాత్రం తప్పు మీది కాదు, అన్నగారూ అలాగే తప్పుతారు. భోజనం వేళ కనుక్కోవడానికి మీ ఇద్దరికంటే కడుపే నయం.

అయినా ఒక డిగ్రీకి మిమ్మల్ని నిలదీయడం న్యాయం కాదులెండి. మీ కన్నతండ్రే 1544లో ప్రష్యా డ్యూక్ ఆల్బ్రెక్ట్‌కి రాసిన ఉత్తరంలో అయస్కాంతపు సూది ఉత్తరపు కొన కిందికి వంగుతుందన్నారు. మాట బంగారం. ఎంత వంగుతుందంటే మాత్రం 9 డిగ్రీలన్నారు. అక్కడ అది 70కి దగ్గర ఉండాలి.

పోతే, 1582లో పోప్ గారు క్యాలెండరులోంచి పది రోజులు కోసేశారు. ఇత్తడి అన్నగారి వీపు మీద, ఆ రోజు సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకునే తేదీల వరస చెక్కుడు, చెరపాలంటే రాపిడి తప్పదు. మీకైతే కొత్త షీటు అంటిస్తే చాలు, జీవితంలో ఒక్కసారి మీదే పైచేయి. కానీ ప్రొటెస్టెంటు నూరెంబెర్గ్ 1700 దాకా పాత తేదీలే వదల్లేదు. కాబట్టి అందాకా పాత వీపుతోనే ఉండండి. పక్కనే క్యాథలిక్ బాంబెర్గ్‌కి వెళ్లినప్పుడు మాత్రం ఎండ కొలిచే ముందు, అక్కడి తేదీలోంచి పది తీసేయమని మీ యజమానికి చెప్పండి.

ఇట్లు,
మిమ్మల్ని తిప్పి తిప్పి విసిగినవారు