తారు వద్దు, కంకరే ముద్దు

పుంతకు గ్రావెల్ పోయించాలి, గ్రావెల్ మీద మెటల్ పరిపించాలి, మెటల్ మీద తారు వేయించాలి. మన పల్లెల్లో ఒక ఊరు ఈ మూడు మెట్లూ ఎక్కేసరికి ముగ్గురు సర్పంచులు, నలుగురు ఎమ్మెల్యేలు మారిపోతారు. అదే మెట్లు వెనక్కి దిగడానికి మాత్రం ఒక్క తరం చాలని, తారు రోడ్లు వదిలి కంకర దారులు వెతుక్కుంటూ సైకిళ్లు తొక్కే అమెరికాలోని ఆష్‌బర్న్ తెలుగువాళ్లు నిరూపించారు. ఈ క్రీడ పేరు గ్రావెల్ సైక్లింగ్. ఇంతటి సాంఘిక విప్లవాన్ని ఇంకా ఎవరూ సరిగా గుర్తించకపోవడం విచారకరం.

ఆష్‌బర్న్ ఉన్నది వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో. కౌంటీ తూర్పు భాగమంతా డేటా సెంటర్లు, టౌన్‌హౌసులు, అద్దంలాంటి రోడ్లు. పడమటికి పోతే గుర్రాల కొట్టాలు, ద్రాక్షతోటలు, రాతి గోడలు, వాటి మధ్య సుమారు 250 మైళ్ల కంకర రోడ్లు. వాటిలో చాలా దారులు 18, 19 శతాబ్దాల నాటి బండిబాటలే. వాటికి తారు పడకూడదని అక్కడివాళ్లు సంఘాలు పెట్టుకుని మరీ పోరాడుతున్నారు. తారు వేసే రాష్ట్ర పథకానికి ‘రూరల్ రస్టిక్ రోడ్’ అని ముద్దుపేరు పెట్టినా కరగలేదు. మన దగ్గర తారు వేయలేదని ధర్నా, వాళ్ల దగ్గర వేసేస్తారేమోనని సభ. ప్రజాస్వామ్యం ఎక్కడైనా ఒకటే: అడిగినవాడికి రాదు, వద్దన్నవాడి గుమ్మం ముందు రోలరు ఆగుతుంది.

ఇక వాహనం. రోడ్డు ఎంత నాసిగా ఉంటే సైకిలు అంత ఖరీదుగా ఉండాలన్నది ఈ శాస్త్రంలో మూలసూత్రం. గ్రావెల్ బైకు వెయ్యి డాలర్ల దగ్గర మొదలై పది వేలు దాటిపోతుంది. వంపు హ్యాండిలు, డిస్క్ బ్రేకులు, 40 మిల్లీమీటర్ల టైర్లు. ఆ 40 అంకె ఎంతో పరిశోధన మీద తేలిందని భక్తుల నమ్మకం. మన పాలవాళ్ల పాత సైకిలు టైరు మీద 28 x 1½ అని అచ్చేసి ఉండేది. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. రెండు బిందెల పాలు కట్టుకుని గతుకుల్లో తొక్కినవాడు ఎప్పుడో తేల్చిన కొలత అది. పేటెంటు మాత్రం తీసుకోలేదు.

అయితే గాలి విషయంలో పాలవాడు తప్పు. అతను టైరును రాయిలా బిగించేవాడు. గట్టి టైరు ప్రతి గులకరాయి మీదా ఎగురుతుంది, ముందుకు పోవాల్సిన బలం పైకి పోతుంది. 75 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో ముందు 30, వెనక 34 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రెండేసి చొప్పున పెంచుతూ తగ్గిస్తూ చూసుకోవాలి. మరీ తగ్గిస్తే వేరు మీదో రాయి మీదో రిమ్ము ‘టంగ్’మంటుంది. ఆ చప్పుడు ఖరీదైనది. టైరులో 60 నుంచి 90 మిల్లీలీటర్ల సీలెంటు అనే జిగురు ద్రవం పోస్తారు. చిన్న ముల్లు దిగితే అదే పూడుకుంటుంది. మూడు నుంచి ఆరు నెలల్లో అది ఎండి ఉండకడుతుంది. ఆ సంగతి సరిగ్గా ఇంటికి 20 మైళ్ల దూరంలో తెలుస్తుంది. పెద్ద చీలికకు రబ్బరు ప్లగ్గు గుచ్చాలి, అదీ ఆగకపోతే ట్యూబు వేయాలి. అంటే ట్యూబు లేని సైకిలుకు కావలసిన ముఖ్యమైన సామాను ట్యూబు. వేసేముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయకపోతే ఆ ట్యూబు కూడా నాలుగు నిమిషాల్లో పోతుంది.

ఇంకొక్కటి, డీరైలర్ హ్యాంగర్. గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు తగిలించే వేలెడు అల్యూమినియం ముక్క. సైకిలు కుడివైపు పడితే ఫ్రేము విరగకుండా అది వంగుతుంది. ఆ త్యాగాన్ని ఎవరూ గమనించరు. తర్వాత ఎక్కుడులో అన్నిటికంటే తేలిక గేరు వేయగానే డీరైలర్ పోయి చువ్వల్లో పడుతుంది. చాలా ఫ్రేములకు దేని ఆకారం దానిదే కాబట్టి షాపులో సరిపోయేది దొరకడం కష్టం. స్పేరు ఒకటి సీటు కింది సంచిలో ఉండాల్సిందే.

లౌడన్ గుట్టలు చూడ్డానికి దిండ్లలా మెత్తగా ఉంటాయి. 40 మైళ్లు చుట్టి వచ్చేసరికి మూడు వేల అడుగుల దరిదాపు ఎక్కించేస్తాయి. వాటర్‌ఫర్డ్ అని 1733లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు కట్టుకున్న పల్లె ఉంది. దాని చుట్టుపక్కల ఎక్కుళ్లు చిన్నవే, కానీ నిటారు. ముందు 40 పళ్ల చక్రం ఉంటే వెనక 42 అయినా ఉండాలి, లేదా సైకిలు నడిపించుకు వెళ్తూ ప్రకృతిని ఆస్వాదిస్తున్నట్టు నటించాలి. కంకర ఎక్కుడులో లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, కూర్చునే తొక్కాలి. దిగుడులో మలుపు ముందు సిమెంటు రేకుల్లా అలలు తేలి ఉంటాయి. కార్లన్నీ అక్కడే బ్రేకు వేస్తాయి, చక్రాలు ఎగిరిపడి ఎగిరిపడి దుక్కి దున్నేస్తాయి. మన బ్రేకు అలలు మొదలవకముందే అయిపోవాలి. ఆ పైన చేతులు వదులుగా, నడుము వెనక్కి. రోడ్డు చదునుచేసే గ్రేడరు కొత్తగా తిప్పిన వారంలో అసలు పోవద్దు, గోళీల మీద నడిచినట్టుంటుంది. మార్చిలో మంచు కరిగే రోజుల్లోనూ వద్దు, రోడ్డు అట్లపిండే.

గుట్టలతో విరక్తి పుట్టినవాడికి కాలువ ఉంది. లవెట్స్‌విల్ దాటి, పొటోమాక్ మీది వంతెన ఎక్కి, మేరీలాండ్‌లోని బ్రన్స్‌విక్‌లో దిగితే చెసపీక్ అండ్ ఒహైయో కాలువ గట్టు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు. బ్రన్స్‌విక్ 55వ మైలు. ఎగువకు ఆరు మైళ్లు తొక్కితే హార్పర్స్ ఫెర్రీ, కానీ ఊళ్లోకి పోవాలంటే సైకిలు భుజాన వేసుకుని ఇనుప మెట్లు ఎక్కి రైలు వంతెన దాటాలి. దిగువకు 13 మైళ్లు పోతే కాలువను మొనోకసీ నది మీదుగా దాటించే ఏడు కమానుల వంతెన, అక్విడక్టు. దాని మీద సైకిలు తొక్కకూడదు, దిగి నడవాలి. గట్టు మీద వేగం గంటకు 15 మైళ్లు మించకూడదు, సైకిలుకు గంట ఉండాలి. పది వేల డాలర్ల సైకిలుకు ‘ట్రింగ్’మనే గంట తప్పనిసరి చేసిన ప్రభుత్వానికి హాస్యం తెలుసు. పాదచారులకు, గుర్రాలకు, కంచరగాడిదలకు దారివ్వాలన్నది కూడా రూలే. గట్టు వేసింది పడవలు లాగే కంచరగాడిదల కోసమే కాబట్టి అభ్యంతరం చెప్పడానికి లేదు.

1828 జూలై 4న తవ్వకం మొదలైంది. అదే రోజున బాల్టిమోర్ అండ్ ఒహైయో రైలుమార్గానికీ శంకుస్థాపన జరిగింది. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది, కాలువ 1850లో. పుట్టినరోజు ఒకటే, జాతకాలు వేరు. 1924 వరదతో పడవలు ఆగిపోయాయి. తర్వాత కాలువ వెంట మోటారు రోడ్డు వేయాలన్నారు, పత్రిక సంపాదకీయం ‘భేష్’ అంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో ఆ సంపాదకులను తనతో ఆ 185 మైళ్లు నడిచి చూడమని పిలిచాడు. బయలుదేరింది యాభై మందికి పైగా, చివరిదాకా నడిచింది తొమ్మిదిమంది. రోడ్డు ఆగింది, 1971లో అది జాతీయ చారిత్రక పార్కు అయింది. తారు రాకుండా ఆపినందుకు మనిషిని తలుచుకునే దేశం అది.

184.5 మైళ్లలో మొత్తం ఎత్తు 605 అడుగులు. అదీ పడవలను మెట్టు మెట్టుగా ఎక్కించి దించే 74 లాకుల దగ్గర తలా ఎనిమిది అడుగుల చొప్పున. లాకుకూ లాకుకూ మధ్య నేల బల్లపరుపు. ‘అయితే సుఖమేగా’ అన్నవాడు రెండో రోజు కూర్చోలేడు. దిగుడు లేని చోట కాళ్లకు విరామం లేదు, సీటు మీంచి లేచే సందర్భమే రాదు, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. పది నిమిషాలకోసారి పనిగట్టుకుని లేచి నిలబడాలి. చాలా మైళ్ల మేర ఇటీవల సన్న కంకరపొడి పరిచారు. మిగతాచోట వాన పడితే మూడు రోజులు ఆగాలి, బంకమట్టి మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రం తిరగదు. ఆకురాలు కాలంలో వేర్లు ఆకుల కింద దాక్కుంటాయి. గడ్డిలో పిడుదులు. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, సాక్సుల అంచున చూసుకోవాలి.

రాత్రి మజిలీకి కొన్ని మైళ్లకొకటి ఉచిత డేరా స్థలాలు. ప్రతిచోటా ఒక బల్ల, ఒక మరుగుదొడ్డి, ఒక బోరింగు. అవును, చేత్తో కొట్టే బోరింగే. నీళ్లలో అయోడిన్ వాసన. చలికాలంలో ఆ పిడి కూడా పీకేస్తారు. బోరింగు దగ్గర వరసలో నిలబడలేక చదువుకుని, వీసా తెచ్చుకుని, నాలుగు స్నానాలగదుల ఇల్లు కొన్నవాడు సెలవు పెట్టి మరీ బోరింగు కొడుతున్నాడు. దీన్ని కర్మసిద్ధాంతంతో తప్ప వివరించలేం.

ఈ క్రీడలో అసలైన నిపుణుడు మాత్రం సైకిలు మీద ఉండడు. వేసవికి ధవళేశ్వరం నుంచి వచ్చి, బ్రన్స్‌విక్ పార్కింగులో కారు దగ్గర కాపలా ఉంచబడిన మామగారు ఆయన. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని ఆయనకు కంఠస్థం. కాటన్ దొర కాలువలు పారుదలకూ పడవలకూ రెండింటికీ తవ్వించాడని, రైళ్లకంటే కాలువలే మేలని వాదించాడని కూడా తెలుసు. లాకు తలుపులు ఏ కోణంలో మూసుకుంటే నీటి ఒత్తిడికే బిగుస్తాయో చేతులు కలిపి చూపిస్తారు. ఒంటినిండా బురదతో, హెల్మెట్‌తో, ఒళ్లంటుకున్న లాగుతో తిరిగొచ్చిన అల్లుణ్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, ఆయన కాలువ వైపు తిరుగుతారు.

“అల్లుడుగారూ, ఇన్ని లాకులు, ఇంత గట్టు... దీని కింద ఆయకట్టు ఎంతండీ?”

“ఆయకట్టు లేదండీ.”

“ఒక్క ఎకరమూ?”

“ఒక్క ఎకరమూ లేదండీ.”

మామగారు కారు డిక్కీ తెరిచి, సైకిలుకింద పరవడానికి పాత దుప్పటి తీస్తారు.