క్విజ్‌లో ఎనిమిది దాటితే లీడ్ చెయ్యొచ్చంట!

మళ్ళీ వచ్చింది. "బ్రిటిష్ క్లాసిక్ క్లైంబ్స్ గురించి మీకెంత తెలుసు? 10 ప్రశ్నలు" అని పైన, జవాబులు కింద, వాటి కింద "8 దాటితే మీరు లీడ్ క్లైంబింగ్‌కి రెడీ, ఈ వీకెండే స్టానేజ్ వెళ్ళి హెచ్‌వీఎస్‌తో మొదలుపెట్టండి" అని రెండు మంటల ఎమోజీలు. (లీడ్ అంటే రాతి గోడ మీద తాడు కట్టుకుని ముందు పోతూ, పడితే ఆపే గేర్ తానే పెట్టుకుంటూ ఎక్కడం. స్టానేజ్ షెఫీల్డ్ దగ్గరున్న రాతి గోడ, హెచ్‌వీఎస్ అంటే "హార్డ్ వెరీ సివియర్" అనే బ్రిటిష్ గ్రేడు.) షెఫీల్డ్‌లో, మాంచెస్టర్‌లో చదువుకుంటున్న మనవాళ్ళ గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతోంది. ఒక గ్రూపులో వద్దురా బాబూ అంటే ఇంకో గ్రూపులో "అన్నా, నాకు 9 వచ్చాయి" అని స్క్రీన్‌షాట్. తమ్ముడూ, నీకు 9 వచ్చింది ఆ కీ ప్రకారం, ఆ కీయే తప్పుల తడక. ఇకమీదట ఎవరు పంపినా ఇదే పేస్ట్ చేస్తా, చదువుకోండి.

చిన్నవి ముందు కానిచ్చేద్దాం.

నేప్స్ నీడిల్ అనే సూది లాంటి రాతి స్తంభం స్నోడన్ కొండ మీద ఉందట. కాదు, లేక్ డిస్ట్రిక్ట్‌లో గ్రేట్ గేబుల్ మీద ఉంది. 1886లో హాస్కెట్ స్మిత్ తాడు కూడా లేకుండా ఒక్కడే ఎక్కాడు, యాభై ఏళ్ళ తర్వాత ముసలాయన అయ్యాక మళ్ళీ ఎక్కాడు. నెక్స్ట్.

స్కాట్లండ్‌లో సముద్రపు ఒడ్డున నిలబడ్డ రాతి స్తంభం ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హాయ్‌ని మొదటిసారి ఎక్కింది 1967లో టీవీలోనట. బీబీసీ లైవ్ చూపించింది 1967లోనే, కాదనట్లేదు, కానీ బోనింగ్టన్, పేటీ, బెయిలీ అంతకు ముందు ఏడాదే ఎక్కేశారు. కెమెరా లేకపోతే ఎక్కినట్టు లెక్క కాదేమో ఈ కీ రాసినాయనకి.

వేల్స్‌లో డినాస్ క్రోమ్‌లెక్ అనే గోడ మీదున్న రూట్ సెనోటాఫ్ కార్నర్‌ని మొదట ఎక్కింది విల్లన్స్ అట. విల్లన్స్, జో బ్రౌన్ కలిసి ఎక్కింది 1951లో సెమెట్రీ గేట్స్, అదే డినాస్ క్రోమ్‌లెక్ మీద, కుడివైపు. కార్నర్ 1952లో, బ్రౌన్‌తో ఉన్నది డగ్ బెల్షా. పోన్లే, రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఇది ఎవరైనా పొరబడేదే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆరో ప్రశ్న. దీని కోసమే ఇదంతా రాస్తున్నా.

"కింది వాటిలో అన్నిటికన్నా తేలికైనది ఏది?" అని అడిగి, సెనోటాఫ్ కార్నర్ ఈ1 5సి (ఈ అంటే ఇంగ్లీషు E, "ఎక్స్‌ట్రీమ్లీ సివియర్"), ఫ్రాగట్‌లో ఉన్న గ్రేట్ స్లాబ్ ఈ3 5బి, క్రోమ్‌లెక్ మీదే ఉన్న రైట్ వాల్ ఈ5 6ఎ అని ఇచ్చి, కీలో గ్రేట్ స్లాబ్ అని పెట్టారు. కారణం కూడా రాశారండోయ్: "రెండో అంకె చిన్నది కాబట్టి సేఫ్". ఇది రాసినవాళ్ళు గానీ ఫార్వర్డ్ చేసినవాళ్ళు గానీ జీవితంలో ఒక్కసారైనా నట్ (పగులులో దూర్చి తాడు తగిలించే లోహపు ముక్క) పెట్టి దాని మీద బరువు వేసి చూశారా అని నా డౌటు.

రెండో అంకె చెప్పేది ఒక్కటే, ఆ రూట్ మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన ఒక్క మూవ్ ఎంత కష్టమో, అంతే. పడితే ఏమవుతుంది, గేర్ ఎక్కడ దొరుకుతుంది, చేతులు ఎంతసేపు మండుతాయి, ఇదంతా మొదటి అంకెలో ఉంటుంది. ఈ1కి మామూలుగా 5బి ఉంటుంది, అక్కడ 5సి కనిపిస్తే మూవ్ గట్టిదే కానీ గేర్ బాగుంటుందని అర్థం చేసుకోవచ్చు. సెనోటాఫ్ కార్నర్ సరిగ్గా అదే, రెండు గోడలు కలిసే మూలలో కింది నుంచి పైదాకా పగులు, నట్ పెట్టి, గట్టిగా కిందికి ఒక గుంజు గుంజి చూసుకుని, క్లిప్ చేసి పైకి పోతూ ఉండొచ్చు, పైన కష్టమైన చోట జారినా తాడు పట్టుకుంటుంది. మరి ఈ3కి 5బి ఉందంటే? మూవ్ తేలికైనా గ్రేడ్ అంత పైకి పోయిందంటే ఎందుకు పోయినట్టు? గ్రేట్ స్లాబ్ నున్నటి గ్రిట్‌స్టోన్ పలక, షూ రబ్బరు రాపిడి మీదే నిలబడాలి, నట్ దూర్చడానికి సరైన పగులే లేదు. జారితే ఆగేది నేల మీదే. మన కీ ప్రకారం బిగినర్స్ వెళ్ళాల్సింది అక్కడికి. శభాష్.

ఇంతటితో ఆగారా? ఏడో ప్రశ్నలో "డ్రీమ్ ఆఫ్ వైట్ హార్సెస్ హెచ్‌వీఎస్ 4సి, కొత్తవాళ్ళకి బెస్ట్" అన్నారు. అది గోగార్త్‌లో, కింద సముద్రం, తాడు మీద దిగి మొదలుపెట్టి గోడకి అడ్డంగా పోవాలి. అడ్డంగా పోయే రూట్‌లో లీడర్ ఎంత భయపడాలో వెనకాల వచ్చేవాడూ అంతే భయపడాలి, కాలు జారితే గాల్లోకి లోలకంలా ఊగిపోతాడు, మళ్ళీ గోడ అందకపోతే తాడెక్కి రావడం రావాలి. మీ రూమ్మేట్‌కి వచ్చా? వెళ్ళే ముందు అడగండి పాపం.

ఇక ఎనిమిది: "6ఎ ఎక్కడైనా 6ఎ, జిమ్‌లో 6ఎ చేస్తే రైట్ వాల్ చేసినట్టే". చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టా. క్లైంబింగ్ జిమ్‌లో ఉండేది ఫ్రెంచ్ గ్రేడు, రైట్ వాల్ 6ఎ బ్రిటిష్ టెక్నికల్ గ్రేడు, అక్షరాలు ఒకటే గానీ కొలతలు వేరు. బ్రిటిష్ 6ఎ మూవ్ అంటే ఫ్రెంచ్‌లో 6సి, 7ఎ దగ్గర తేలుతుంది. పైగా జిమ్‌లో మీటరుకో క్విక్‌డ్రా, అంటే తాడు తగిలించే క్లిప్పు, వేలాడుతూ ఉంటుంది, క్రోమ్‌లెక్ మీద బోల్టులుండవు, ఏది పెట్టుకున్నా మీరే పెట్టుకోవాలి, వెనకాల వచ్చేవాడు నట్ కీ అనే కొక్కెంతో గెలికి తీసుకురావాలి. 1974లో పీట్ లైవ్‌సీ అనే క్లైంబర్ రైట్ వాల్‌ని ఎక్కినప్పుడు బ్రిటన్ మొత్తం నోరెళ్ళబెట్టింది. భువనగిరిలో టాప్‌రోప్ (పైనుంచి పట్టుకునే తాడు) మీద కోర్స్ చేసి, ఇక్కడికొచ్చి రెండు నెలలు జిమ్‌కి వెళ్ళిన పిల్లాడికి ఇది పంపిస్తారా ఎవరైనా? అదీ మంటల ఎమోజీతో?

తొమ్మిది: ఆడవాళ్ళు ఈ ఆటలోకి 1980ల్లో వచ్చారట. వేల్స్‌లో ఐడ్వాల్ స్లాబ్స్ మీద హోప్ అనే రూట్‌ని 1915లో ఎమిలీ డేనియెల్ లీడ్ చేసింది. ఆడవాళ్ళకే అని పినకిల్ క్లబ్ 1921లో పెట్టుకున్నారు. లాన్‌బెరిస్‌లో "నియా" అనే రూట్ 1941లో నియా మోరిన్ ఎక్కింది, ఆమె పేరే పెట్టారు. ఈ కీ రాసినాయన అరవై, డెబ్బై ఏళ్ళు లేటు, అంతే.

చివరిది పదో ప్రశ్న, "స్టానేజ్‌లో రైట్ అన్‌కాంకరబుల్ మొదట ఎక్కింది ఎవరు?" ఎవరెక్కితే నాకెందుకు, జీకే బిట్ అని తీసిపారేద్దామనుకున్నా. కానీ నిజం చెప్పాలంటే మొత్తం క్విజ్‌లో రాయి దగ్గర పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే. గైడ్‌బుక్‌లో రూట్ కింద బ్రౌన్ పేరు, నలభైల చివరో యాభైల్లోనో ఉన్న ఏడాది కనిపిస్తే పగుళ్ళలో పిడికిలి దూర్చే పని ఉండొచ్చని ముందే చేతులకి టేప్ చుట్టుకోవచ్చు, లైవ్‌సీ పేరుంటే వేళ్ళ బలం అడిగే గోడ అనుకోవచ్చు, ఇండియన్ ఫేస్ అనే చాలా ప్రమాదకరమైన రూట్ ఎక్కిన జానీ డాస్ పేరుంటే ఆ పేజీ తిప్పేసి టీ తాగడానికి వెళ్ళిపోవచ్చు. గ్రేడ్ చెప్పనివి కొన్ని పేరు చెప్తుంది, కాబట్టి మంచి ప్రశ్నే, ఒప్పుకుంటున్నా.

జవాబు జో బ్రౌన్, 1949. కీలో ఏముందంటారా? విల్లన్సే.