ఇరవై ముఖాల ముప్పు

హైదరాబాద్‌లో నిజాంపేట వైపున్న మా నివాస సముదాయపు సంక్షేమ సంఘం ఇటీవల క్లబ్‌హౌస్ గోడకు అంటించిన నోటీసును చదివిన వారెవరైనా ఆ కార్యవర్గపు దూరదృష్టికి చేతులెత్తి నమస్కరించక తప్పదు. “హింసను, జూదమును, క్షుద్రశక్తుల ఆరాధనను ప్రేరేపించు బల్లమీది ఆటలు, ముఖ్యముగా ఇరవై ముఖములు గల పాచికలతో ఆడునట్టివి, క్లబ్‌హౌస్ ఆవరణలో నిషేధించడమైనది. ఉల్లంఘించిన పిల్లల తల్లిదండ్రుల మెయింటెనెన్సు బిల్లుకు రూ. 500 కలపబడును” అని అందులో ఉంది. బోరుబావులు ఎండిపోవడం గురించి గాని, వర్షం కురిసినప్పుడల్లా సెల్లారులో నిలిచే మురుగు గురించి గాని, పండుగల నాడే మొరాయించే లిఫ్టు గురించి గాని నోటీసు రాసే తీరిక దొరకని కార్యవర్గం, మానవజాతిని పీడించే మూడు మహాపాపాలను ఒకే వాక్యంలో పట్టుకుని గోడకెక్కించిందంటే, మన ప్రాధాన్యాలు ఎంత పక్వానికి వచ్చాయో పాఠకులే గ్రహించగలరు.

నేరం ఏమిటో ముందు చెప్పాలి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం దాకా చదివే అయిదుగురు పిల్లలు ఆదివారం మధ్యాహ్నాలు క్లబ్‌హౌస్‌లో ఒక మూల బల్ల చుట్టూ చేరి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఆడుతున్నారు. గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో అచ్చు వేయించిన ఆట అది. ఒకరు కథ నడుపుతారు, అతణ్ణి డీఎం (డంజియన్ మాస్టర్) అంటారు. మిగిలిన వారు తలా ఒక పాత్ర కట్టుకుని, ఆ కథలో తామేం చేస్తారో నోటితో చెబుతారు. చేసింది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. ఫోను లేదు, తెర లేదు, డబ్బు లేదు. కాగితాలు, పెన్సిళ్ళు, ఒక చిప్స్ పొట్లం, నాలుగు గంటల పాటు ఆగని మాటలు ఉంటాయి. ఈ కాలపు పిల్లలు ఫోన్లలో తలదూర్చి మనుషులతో మాట్లాడటమే మానేశారని ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ వాపోయే పెద్దలకు, పిల్లలు నిజంగానే కూర్చుని మాట్లాడుకోవడం కళ్ళబడేసరికి గుండె ఝల్లుమనడం సహజమే కదా.

దానిపై జరిగిన విచారణకు నేనూ శ్రోతగా హాజరయ్యాను. అధ్యక్షులవారు, కార్యదర్శిగారు, కోశాధికారిగారు వరుసగా కూర్చున్నారు. ఎదుట పిల్లలు నిలబడ్డారు. నడుమ స్టీలు పళ్ళెంలో, సాక్ష్యాధారంగా, ఆ పాచిక ఉంది. నీలం రంగుది, ఉసిరికాయంత ఉంటుంది. ముందుగా దానికి నిజంగా ఇరవై ముఖాలున్నాయా లేదా అన్నది తేల్చాలని కోశాధికారిగారు పట్టుబట్టారు. ఆయన లెక్కకు మొదటిసారి పంతొమ్మిదే తేలాయి. రెండోసారి ఇరవై మూడు వచ్చాయి. లెక్కలు కుదరకపోవడం ఆయనకు కొత్త కాదు గనుక, “సుమారు ఇరవై” అని మినిట్స్‌లో రాయించి ముందుకు సాగారు.

“ఈ ఆటలో ఎవరు గెలుస్తారు?” అని అధ్యక్షులవారు గంభీరంగా అడిగారు. ఎవరూ గెలవరని డీఎం కుర్రాడు వినయంగా జవాబిచ్చాడు. “మరి ఓడేదెవరు?” ఎవరూ ఓడరట. “ఎప్పటికి అయిపోతుంది?” “అయిపోదండీ, క్యాంపెయిన్, అంటే మేం ఆడే కథ, ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది.” ఈ మాటతో సభలో కలకలం పుట్టింది. గెలుపు లేని, ఓటమి లేని, ర్యాంకు లేని, ముగింపు లేని పని మీద ఆదివారాన్ని ఖర్చు పెట్టే పిల్లలను వారు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండలేదు. అప్పుడు కార్యదర్శిగారు తన పూర్వపు ప్రభుత్వోద్యోగపు అనుభవమంతా కూడగట్టుకుని, “పందెం ఎంత?” అన్నారు. పందెమే లేదన్న జవాబు విని, అయితే ఇందులో ఇంకేదో పెద్ద కుట్ర ఉండి తీరాలని నిశ్చయానికి వచ్చినట్టు ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

“నువ్వెవరివి బాబూ?” అని ఒక పిల్లవాణ్ణి అడిగారు. అతడు ఫ్లాటు నంబరు చెప్పాల్సింది పోయి, “నేను మరుగుజ్జు పూజారిని అంకుల్” అన్నాడు. పూజారి అనేసరికి, వెనుక కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మా గుడి కమిటీ పెద్దాయన నిటారుగా లేచి కూర్చుని, ఏ ఆగమం, వైఖానసమా పాంచరాత్రమా అని వాకబు చేశారు. దెబ్బలు తగిలిన వాళ్ళకు నయం చేయడమే తన పని అని పిల్లవాడు చెప్పగా, ఆయన కొంత సంతృప్తి చెంది మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. కార్యదర్శిగారు మాత్రం అసలు విషయం వదల్లేదు. హింస ఎక్కడుంది, ఈ వారం ఎవరిని చంపారు, ఎంతమందిని చంపారు అని నిలదీశారు. ఎవర్నీ చంపలేదు, గుహలో ఉన్న గాబ్లిన్‌లనే పొట్టి రాక్షసులతో సంధి చేసుకున్నామని తొమ్మిదో తరగతి అమ్మాయి చెప్పింది. గాబ్లిన్‌లు ఊరి మీద పడుతున్నది దుర్మార్గంతో కాదట, వాళ్ళ గుహలో నీళ్ళు ఎండిపోయాయట. పై ఊరి వాళ్ళు వాగుకు అడ్డం కట్టుకున్నారు గనుక, ఆ కట్ట తెరిపించడానికి పిల్లలు వచ్చే ఆదివారం ఊరిపెద్దతో మాట్లాడబోతున్నారట. నీళ్ళ మాట వినగానే కోశాధికారిగారికి ఏం గుర్తుకొచ్చిందో గాని, “ట్యాంకరు ఎంతకిస్తున్నారు?” అని అప్రయత్నంగా అడిగేశారు. ఆ తరువాత కాసేపు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఇంత జరుగుతున్నా పక్కగది తలుపు తెరిచే ఉంది. అందులోంచి “షో!” అన్న కేక, ఆ వెంటనే చిల్లర లెక్కలు వినిపిస్తూనే ఉన్నాయి. అక్కడ పెద్దల రమ్మీ నడుస్తోంది. నోటీసులో దాని ప్రస్తావన ఎందుకు లేదని నేను అడిగినందుకు నాకు న్యాయశాస్త్రం బోధించారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు చేసిన దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళగా, ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటే అని ఆ కోర్టు 1967లో తీర్పు చెప్పిన మాట నిజమే. తమ పేకాటకు అంత ఘనమైన వంశవృక్షం ఉన్నందుకు మావాళ్ళు గర్వించడంలోనూ తప్పులేదు. మన తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సు తెచ్చి, డబ్బు పెట్టి ఆడే రమ్మీని ఆన్‌లైన్‌తో సహా జూదం పద్దులో చేర్చిన సంగతి మాత్రం వారి జ్ఞాపకంలో నిలవలేదు. ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియడమే ఆ ఆటకు కావలసిన నైపుణ్యమని కోర్టువారే అన్నారు కదా.

మా సంఘం ఈ రంగంలో ఒంటరి కాదు. అమెరికాలో ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి, తన కొడుకు ఆత్మహత్యకు ఈ ఆటే కారణమని నమ్మి, 1983లో ఏకంగా ఒక సంస్థనే స్థాపించి, ఇది దయ్యాల మతమని ఊరూరా ప్రచారం చేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని నేను వెక్కిరించను. ఆమె దుఃఖాన్ని తమ బోధనలకు పెట్టుబడి చేసుకున్న వాళ్ళ సంగతి వేరు. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీసువారు టెక్సాస్‌లోని స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న కంపెనీ మీద దాడి చేసి, అచ్చుకు సిద్ధమవుతున్న ఒక రోల్ ప్లేయింగ్ (పాత్ర కట్టి ఆడే) ఆట రాతప్రతిని, కంప్యూటర్లను ఎత్తుకుపోయారు. ఆ పుస్తకం కంప్యూటర్ నేరాలకు మార్గదర్శి అని వారి పక్షాన ఒకరు కంపెనీ యజమానితోనే అన్నారట. 1993లో కోర్టు సీక్రెట్ సర్వీసుకే చీవాట్లు పెట్టి, 50,000 డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టించింది. మా కార్యదర్శిగారు ఈ సంగతి విని, అక్కడ మెయింటెనెన్సు బిల్లులో కలిపే వెసులుబాటు లేకపోవడం వల్లే అలా జరిగిందని విశ్లేషించారు.

వీడియో ఆటల కథా ఇదే దారి. రక్తం చిమ్మే మోర్టల్ కాంబాట్ వంటి ఆటలను చూసి అమెరికా సెనేట్ 1993లో విచారణ జరిపింది, పరిశ్రమ భయపడి 1994లో తనంతట తానే వయసు గుర్తులు వేసుకోవడం మొదలుపెట్టింది. అది సబబైన పనే. కాలిఫోర్నియా అంతటితో ఆగక, హింసాత్మక ఆటలను మైనర్లకు అమ్మితే జరిమానా అని 2005లో చట్టం చేసింది. దాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, పిల్లలకు మనం చెప్పే కథల్లో మాత్రం రక్తానికి కొదవుందా, సిండరెల్లా సవతి అక్కల కళ్ళను పావురాలు పొడిచేయలేదా, హాన్సెల్, గ్రెటెల్ ఇద్దరూ తమను బంధించిన మంత్రగత్తెను పొయ్యిలో వేసి కాల్చలేదా అని గుర్తుచేశారు. ఆయన మన గడప మీద సంధ్యవేళ జరిగిన హిరణ్యకశిపుడి సంహారం వినలేదు పాపం. పేగులు మెడలో వేసుకున్న ఆ ఘట్టాన్ని పెరుగన్నం ముద్దల నడుమ అయిదేళ్ళ వాడికి చెప్పే అమ్మమ్మల మీద మా సంఘం ఇప్పటికింకా జరిమానా విధించలేదు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చిన భీముడి మాట తలుచుకుంటేనే నాకు భయంగా ఉంది, ఆ ఇంటి మెయింటెనెన్సు ఎంత పెరుగుతుందో!

ఇక మన దేశంలో ఆటల్లోని హింస గురించి ప్రత్యేకంగా చట్టమంటూ ఏదీ లేదు. అయినా 2019లో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ అనే తుపాకుల ఫోను ఆట ఆడుతున్న కుర్రాళ్ళను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీని నిషేధించింది గాని, అందులో చెప్పిన కారణం తుపాకులు కాదు, దేశ సార్వభౌమత్వం, పౌరుల సమాచార భద్రత. అప్పుడు మా క్లబ్‌హౌస్‌లో మిఠాయిలు పంచినవారు హింస అంతమైందనే పంచారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆటలనే నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను (పోటీలుగా ఆడే వీడియో ఆటలను) ప్రోత్సహిస్తామంది. అంటే ఢిల్లీ డబ్బును పట్టుకుని ఊహను వదిలేస్తే, మా సంఘం డబ్బును పక్కగదిలో కూర్చోబెట్టి ఊహను పట్టుకుంది. సినిమాలకు 2024 నుంచి ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్ల యూఏ గుర్తులు ఉన్నాయి. పోయిన దసరాకు ఇదే కార్యవర్గం పచ్చికలో తెర కట్టి, కథానాయకుడు కొడవలితో ఊరంతా ఖాళీ చేసే చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు, ముందు వరుసలో చాప మీద కూర్చున్న వాళ్ళలో సగంమందికి ఏడేళ్ళు కూడా నిండలేదు. విజిళ్ళు వేసింది మాత్రం కోశాధికారిగారే.

2016లో యానిమేషన్, గేమింగ్ కోసం ప్రత్యేక విధానమే ప్రకటించిన రాష్ట్రం మనది. దేశపు గేమ్ డెవలపర్ల సదస్సులు మన హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగినప్పుడు, మావాళ్ళు ఇంజినీరింగు చదివే తమ పిల్లల రెజ్యూమేలు పట్టుకుని ఎవరైనా తెలిసినవారున్నారా అని ఆరా తీశారు. ఆటలు తయారుచేసే ఉద్యోగం కావాలి. ఆట ఎలా ఉంటుందో తెలియని పిల్లవాడికే అది రావాలి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. అయితే విచారణ ముగిసేముందు కార్యదర్శిగారు, “ఇలాంటి ఆటల వల్లే పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు” అన్నారు. ఆ మాటను మాత్రం నవ్వి వదిలేయడం నా వల్ల కాదు. 2019 ఏప్రిల్‌లో ఈ రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెలుగులో 99 వచ్చిన ఒక అమ్మాయికి మార్కుల జాబితాలో సున్నా పడింది. పరీక్ష రాసిన వాళ్ళకు హాజరు లేదని వచ్చింది. ఆ కొద్ది రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వాళ్ళ చేతుల్లో ఏ పాచికా లేదు. వాళ్ళను ఏ గాబ్లినూ తరమలేదు. అప్పుడు తప్పు లెక్క వేసిన యంత్రాంగాన్ని నిషేధించమని ఈ క్లబ్‌హౌస్‌లో ఎవరు నోటీసు అంటించారు? తెల్లవారుజామున లేపి, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, ఆటస్థలమన్నదే లేని అపార్టుమెంటు భవనాల్లో పదహారేళ్ళ వాళ్ళను వందల లెక్కన కుక్కి, వారానికొక ర్యాంకు గోడకు వేలాడదీసే కాలేజీల మీద ఏ సంఘం విచారణ జరిపింది? అక్కడ ఒక పిల్లవాడు చనిపోతే మర్నాడే ఫోనులో ఏ ఆట ఉందో వెతుకుతారు. టైమ్‌టేబులు ఎవరూ వెతకరు. ఫీజు మనమే కట్టాం గనుక, సీటు కోసం సిఫారసు చేయించింది మనమే గనుక, వెతకరు. వారంలో నాలుగు గంటలు భయపడకుండా, పోటీపడకుండా, తోటివాళ్ళతో కలిసి ఒక కథ కట్టుకునే చోటు ఈ పిల్లలకు ఉంటే, దానికి రేటు కట్టి బిల్లులో కలపడానికి మనకు సిగ్గు లేదు.

ఇదంతా నేను సభలో కొంచెం గట్టిగానే అన్నాను. అధ్యక్షులవారు నా ఆవేశాన్ని గౌరవిస్తూ తరువాతి అంశానికి వెళ్ళారు. ఖాళీ అవుతున్న ఆ క్లబ్‌హౌస్ మూలను, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ చెప్పే ఒక కోచింగ్ సంస్థకు ఆదివారాలు అద్దెకిచ్చే తీర్మానం అది. నోటీసు అంటించడానికి ముందు వారమే అద్దె అడ్వాన్సు ముట్టినట్టు కోశాధికారిగారి పద్దులో, ఈసారి లెక్క తప్పకుండా, నమోదై ఉంది. తీర్మానాన్ని బలపరిచేవారు చేతులెత్తాలని అడిగితే, పక్కగదిలో రమ్మీ బల్ల దగ్గరున్నవారు ముక్కలు దించకుండానే ఎడమ చేతులు ఎత్తారు.