తప్పు రాసినవారు ఒకరు, తిరిగేవారు ఇంకొకరు

సైన్యంలో పనిచేసి వచ్చినవారి ఇళ్లలో నల్లటి ఇనుప ట్రంకు పెట్టె ఒకటి కనిపిస్తుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు. అడుగున, పాత ఉన్ని దుస్తుల కింద, డిశ్చార్జి బుక్. పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో చేసిన కొలువుకు ఆ ఇంట్లో మిగిలిన ఆధారం అదే. అందులో భార్య పేరు ఎలా రాశారో, పుట్టిన తేదీ ఏమని వేశారో చాలామంది పట్టించుకోరు. పట్టించుకోక తప్పని రోజు వచ్చేసరికి ఆ పుస్తకం తెరవడానికి ఆయన ఉండడు.

ఆమె పేరు సమ్మక్క అనుకుందాం. మేడారం జాతరకు కదిలే పల్లెల్లో ఆ పేరు లేని వాడ ఉండదు. పెళ్లయిన కొత్తలో భర్త యూనిట్‌కు సమాచారమిచ్చాడు. ఎక్కడో ఉత్తరాది కంటోన్మెంటులో కూర్చున్న గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లిషులో రాసుకున్నాడు. ఒక మకారం జారిపోయింది, ఒక కకారం జారిపోయింది, చివర ఆయన అలవాటు కొద్దీ ఒక దేవి వచ్చి చేరింది. ఇప్పుడు ఆధార్‌లో ఉన్నది సమ్మక్క, పెన్షన్ ఉత్తర్వులో ఉన్నది సమకా దేవి. ఈ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేయవలసింది మాత్రం గుమాస్తా కాదు, ఆమె.

మన పేర్లు సైన్యం కాగితాల్లోకి వెళ్లి క్షేమంగా తిరిగిరావడం కష్టమే. ఐలయ్యను ఇంగ్లిషులో రాయడానికి నాలుగు దారులున్నాయి, నాలుగూ సరైనవే. ఇంటిపేరు మనకు ముందుంటుంది. ఫారం నింపేవారికి చివర కావాలి. పొడి అక్షరాన్ని విడమరిచి రాయమంటే ఒకచోట ఇంటిపేరు, మరోచోట ఊరిపేరు పడుతుంది. పుట్టిన తేదీ సంగతి సరేసరి. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులు గారు వేసిన జూన్, జులై తేదీలే ఒక తరానికి పుట్టినరోజులు.

దీనికి తోడు మన జిల్లాలు. 1971 యుద్ధానికి ముందు సైన్యంలో చేరిన ములుగు మనిషి చిరునామా ములుగు తాలూకా, వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న ములుగు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది, 2019 ఫిబ్రవరిలో తానే జిల్లా అయింది. ఇటు వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఆ పెద్దమనిషి మాత్రం పుట్టిన ఇంట్లోంచి కదలలేదు. రికార్డు ప్రకారం నాలుగుసార్లు ఊరు మారాడు.

తప్పు దిద్దించుకోవాలంటే ఎక్కడికి పోవాలి? సర్వీసు పత్రాలు దాచే రికార్డ్ ఆఫీసు దళానికొకటి. ఆర్టిలరీ వారి పత్రాలు నాసిక్‌లో, సిగ్నల్స్ వారివి జబల్‌పూర్‌లో, వైద్య దళం వారివి లక్నోలో, మద్రాస్ రెజిమెంటు వారివి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లవి (ఇంజినీరింగ్ దళం) బెంగళూరులో ఉంటాయి. ఈఎంఈ (యంత్రాల మరమ్మతు), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి సరఫరా) దళాల వారు కాస్త అదృష్టవంతులు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్. రికార్డ్ ఆఫీసు ఒప్పుకున్నాక ఫైలు ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల ప్రధాన కార్యాలయానికి చేరి, అక్కడ సవరణ పీపీవో, అంటే దిద్దిన పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, వెలువడాలి. దీనికి ముందు మేజిస్ట్రేటు ఎదుట అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, కొన్ని సందర్భాల్లో గెజిట్. ఆ ప్రకటనలు అచ్చయ్యేది మా వంటి పత్రికల లోపలి పేజీల్లోనే, వాటి డబ్బు అందేదీ మాకే. ఈ తిరుగుడులో మేమూ ఒక మజిలీ అని ఒప్పుకోవడానికి సంకోచం లేదు.

సర్వీసులో ఉండగా ఇదే పని ఎంత తేలిక! పెళ్లి, బిడ్డ పుట్టుక, పేరు సవరణ, ఏదైనా యూనిట్ కార్యాలయం పార్ట్ టూ ఆర్డర్ అనే నమోదు ఉత్తర్వు వెలువరిస్తే రికార్డులోకి ఎక్కుతుంది. యూనిట్ గేటు దాటి వచ్చిన మరునాటి నుంచి అదే మనిషి, అదే తప్పు, కానీ పట్టించుకునే కార్యాలయం వందల మైళ్ల దూరానికి జరిగిపోతుంది.

కంప్యూటర్లు వస్తే కష్టాలు తీరుతాయన్నారు. రక్షణ పెన్షన్ల కోసం స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. మంచి ఏర్పాటే, బ్యాంకుల చుట్టూ తిరిగే పని తగ్గించింది. కానీ పాత కాగితంలో ఉన్న తప్పు కొత్త తెరమీదికి కూడా యథాతథంగా వచ్చింది. కాగితం రోజుల్లో బ్యాంకు మేనేజరు మనిషిని చూసి, పాస్‌బుక్ చూసి, సరేలే అనేవాడు. యంత్రానికి సరేలే అనడం తెలియదు. 2022 ఏప్రిల్‌లో వార్షిక గుర్తింపు పూర్తికాలేదన్న కారణంతో 58 వేల మందికి పైగా మాజీ సైనికులకు, కుటుంబాలకు నెల పెన్షన్ అందలేదు. గగ్గోలు పుట్టాక రక్షణ శాఖే గడువు సడలించి చెల్లించింది. సడలించగలిగిన దాన్ని ముందే ఎందుకు సడలించలేదని ఎవరూ అడగలేదు.

తెలంగాణ రైతుకు ఈ కథ కొత్త కాదు. ధరణిలో పట్టా పేరు తప్పుపడితే, దిద్దే అధికారం ఊళ్లో ఎవరికీ లేక కోర్టు మెట్లెక్కిన రోజులు గుర్తున్నాయి. భూభారతి చట్టంతో ఆర్డీఓ, కలెక్టర్ స్థాయిలో అప్పీలు తిరిగి వచ్చింది. భూమికి ఇవ్వగలిగిన వెసులుబాటు, ఆ భూమిని కాపలా కాసినవాడి రికార్డుకు ఎందుకు ఇవ్వకూడదు?

అయితే ప్రతి సవరణా ఒకటి కాదు. పుట్టిన తేదీ మారితే సర్వీసు కాలం మారుతుంది, భార్య పేరు పూర్తిగా మారితే ఇంకొక హక్కుదారు ముందుకు రావచ్చు. అలాంటి వాటిలో ఆచితూచి అడుగేయడం రికార్డ్ ఆఫీసు బాధ్యతే. చివరి దశలో వచ్చే పుట్టిన తేదీ మార్పులను సుప్రీంకోర్టు కూడా ఆమోదించడం లేదు. మా అభ్యంతరం వేరు. ఒక అక్షరం తేడాకూ, వారసత్వ వివాదానికీ ఒకే కొలబద్ద వాడుతున్నారు. నంబరు ఒకటే, ఫొటో ఒకటే, భర్త పేరు ఒకటే, బ్యాంకు ఖాతా ఒకటే అయినప్పుడు సమకా దేవి ఎవరో తేల్చడానికి దర్యాప్తు ఎందుకు?

అక్షరాలకు మించిన తప్పులూ ఉన్నాయి. విడుదల సమయపు వైద్య బోర్డు, ఈ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని ఒక్క వాక్యం రాస్తే వైకల్య పెన్షన్ దారి మూసుకుపోతుంది. చేరేటప్పటి వైద్య పరీక్షలో జబ్బు నమోదు కాకపోతే, అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఆ తీర్పు తమకు వర్తిస్తుందని చెప్పుకోవడానికి మనిషి మనిషికీ ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తోంది. సాయుధ దళాల ట్రిబ్యునల్ 2007 చట్టంతో ఏర్పడింది. మనది చెన్నై బెంచి పరిధి. అక్కడ గెలిచినా, ఆలస్యంగా వచ్చారంటూ బకాయిలను సాధారణంగా మూడేళ్లకే పరిమితం చేస్తారు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వేసిన బాట అది. ముప్పై ఏళ్లు తప్పుగా ఉన్న రికార్డుకు మూడేళ్ల పరిహారం. పెన్షన్ లేకుండా విడుదలైన వారి పరిస్థితి ఇంకా ఘోరం. వారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తరువాత ధ్వంసం చేయవచ్చు. మిగిలేది లాంగ్ రోల్‌లో, అంటే దళం శాశ్వత పేర్ల పట్టీలో, ఒక వరుస.

అమెరికాలో సైనిక రికార్డుల దిద్దుబాటుకు పౌర సభ్యులతో ప్రత్యేక బోర్డులున్నాయి. 1946 చట్టం వాటికి మూలం. రుసుము లేదు, ఒక ఫారం నింపి పంపితే చాలు. తప్పు తెలిసిన మూడేళ్లలోగా అడగాలన్న గడువు ఉంది కానీ, న్యాయం కోసం దాన్ని మన్నించే అధికారమూ బోర్డుకే ఉంది. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడి కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు పోయినప్పుడు, జీతాల పట్టీల వంటి ఇతర పత్రాల నుంచి సర్వీసును తిరిగి కూర్చే పని ప్రభుత్వ కార్యాలయమే తలకెత్తుకుంది. అక్కడా రుజువు భారం అడిగినవారిదే, అక్కడా ఆలస్యాలున్నాయి. కానీ తప్పు దిద్దడం మా పని అని ఒక తలుపు మీద బోర్డు రాసి ఉంది. మనకు ఆ తలుపు లేదు.

కేంద్రం చేయవలసింది పెద్ద చట్టమేమీ కాదు. అక్షర దోషాలను సర్వీసు నంబరు ఆధారంగా జిల్లా స్థాయిలోనే సరిచూసి సిఫారసు చేసే అధికారాన్ని సైనిక సంక్షేమ కార్యాలయాలకు ఇవ్వాలి. రికార్డ్ ఆఫీసు గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే సవరణ అమలు కావాలి. హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్‌లకు రికార్డ్ ఆఫీసుల సిబ్బంది ఏటా వచ్చి కూర్చుని, అక్కడికక్కడే పత్రాలు చూడాలి. వితంతువులను నాసిక్ పంపడం కన్నా ఇద్దరు గుమాస్తాలను కాజీపేట పంపడం చవక.

రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ వైపు చూడకుండా చేయగలిగినది ఒకటుంది. ఫలానా పాత తాలూకా, పాత జిల్లాలోని గ్రామం ఇప్పుడు ఫలానా మండలం, ఫలానా జిల్లా అని ధ్రువీకరించే ఒకే పేజీ పత్రాన్ని మీసేవలో ఉచితంగా ఇవ్వాలి. జిల్లాలు విభజించినది తానే కనుక ఆ జాబితా ప్రభుత్వం దగ్గర ఉండనే ఉంది.

ఈలోగా ట్రంకు పెట్టెలున్న ఇళ్లకు మా మనవి: డిశ్చార్జి బుక్, పీపీవో, ఇద్దరి ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి, ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటిగా పోల్చి చూడండి. భార్య పేరు, పుట్టిన తేదీ ముందుగా చూడండి. తేడా ఉంటే పెన్షనరు జీవించి ఉండగా, ఆయన సంతకంతోనే దరఖాస్తు పెట్టించండి. రికార్డ్ ఆఫీసు జవాబివ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద సర్వీసు పత్రాల నకలు అడగండి. 30 రోజుల్లో బదులివ్వక తప్పదు. స్పీడ్ పోస్టు రసీదు పారేయకండి.