నవ్వులు ముందే తీసి పెట్టుకుంటారు

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా మైకు సెట్టు కిరాయికి ఇస్తున్నాను. పెళ్లిళ్లు, వినాయక మండపాలు, బతుకమ్మ, ఎన్నికల సభలు, అన్నీ చూశాను. కాబట్టి గొంతుల గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది. కాదనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మొన్న మా బంధువుల గ్రూపులో ఎవరో మళ్లీ ఆ పాత వీడియో పెట్టారు. స్కాట్లాండుకు చెందిన సూసన్ బాయిల్ 2009 ఏప్రిల్‌లో ప్రసారమైన ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’ అనే బ్రిటన్ టీవీ పోటీలో పాడిన వీడియో. కింద వరసగా దండాలు, కన్నీళ్ల బొమ్మలు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, పాపం ఆమె ఏం చేసింది? ఆ కన్నీళ్ల మీద.

వీడియోను ఈసారి శబ్దం ఆపేసి చూడండి. 47 ఏళ్ల మనిషి, రేగిన జుట్టు, లేసు గౌను. జడ్జీల్లో ఒకడైన సైమన్ కోవెల్ వయసు అడుగుతాడు. ఆమె చెప్పి, సరదాగా నడుము ఊపుతుంది. గాయని కావాలని ఉందనగానే ప్రేక్షకుల్లో ఒక అమ్మాయి కళ్లు పైకి తిప్పి ముఖం అదోలా పెడుతుంది. వేలమంది ఉన్న హాలులో సరిగ్గా ఆ ముఖం మీదికే కెమెరా వెళుతుంది. ఇక పాట మొదలవుతుంది, ‘ఐ డ్రీమ్డ్ ఎ డ్రీమ్’. ఒక్క వాక్యానికే జనం లేచి నిలబడతారు. చివర్లో ఇంకో జడ్జి అమాండా హోల్డెన్ అందరూ నీకు వ్యతిరేకంగానే ఉన్నారని తానే ఒప్పుకుంటుంది.

ఇంతకీ ఆశ్చర్యం ఎవరికి? ఇలాంటి కార్యక్రమాల్లో జడ్జీల దాకా రాకముందే ఒక వడపోత ఉంటుంది. తయారుచేసేవాళ్లు ఆ గొంతును అప్పటికే విన్నారు. ఆమె ఊరు బ్లాక్‌బర్న్‌లో చర్చికి వచ్చేవాళ్లూ విన్నారు. 1999లో ఒక ధర్మకార్యం కోసం వేసిన సీడీలో ఆమె పాట ఉంది. బడిలో ‘సూజీ సింపుల్’, అంటే తెలివితక్కువ సూజీ, అని ఏడిపించినవాళ్లు కూడా ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. వినని వాళ్లు టీవీ ముందు కూర్చున్నవాళ్లే. వాళ్ల చేత ముందు నవ్వించి, తర్వాత సిగ్గుపడేలా చేసి, ఆ సిగ్గును అమ్ముకున్నారు.

ఇదంతా అక్కడెక్కడో జరిగిన సంగతి అనుకోకండి. కొన్నేళ్ల కిందట మా ఊళ్లోనే ఒక ఫంక్షన్ హాలులో పాటల పోటీకి ఎంపికలు జరిగాయి. ఏ చానెలో చెప్పను. మైకులు, బాక్సులు నావే. మధ్యాహ్నం దాటాక మిర్యాలగూడ వైపు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో టిఫిన్ డబ్బా, కాళ్లకు పసుపు. దరఖాస్తులో ‘గురువు పేరు’ అని ఒక గడి ఉంది. అది నింపుతున్న కుర్రాడు అడిగితే, “మా అత్త” అంది. “సంగీతం ఎక్కడ నేర్పింది?” “వరి నాట్లలో.” వెనక కుర్చీల్లో కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. ఒకతను కెమెరామన్ భుజం తట్టి, “ఆ నవ్వేవాళ్లను ముందు తీసి పెట్టుకో, తర్వాత పనికొస్తుంది” అన్నాడు. ఆంప్లిఫయర్ దగ్గర కూర్చున్న నేను చెవులారా విన్నాను.

నా తప్పూ చెప్పాలి. ఆవిడను చూసి, బెదిరిపోతుంది, గొంతు లేవదు అనుకొని వాల్యూమ్ బాగా పెంచాను. ఆమె నోరు తెరిచీ తెరవగానే బాక్సులు కీచుమన్నాయి. పొలంలో ఈ గట్టు మీద అందుకుంటే ఆ మడిలో ఉన్నవాళ్లకు వినబడాలి కదా, ఆ గొంతు అలా తయారైంది. అలాంటి మనిషికి మైకు జానెడున్నర దూరంలో ఉండాలి, వాల్యూమ్ సగానికి దించాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. చీర చూసి మరిచిపోయాను.

పాట అయ్యాక చప్పట్లు మోగాయి. అవీ తీసుకున్నారు. ఆ తర్వాత ఒక అమ్మాయి ఆమెను పక్కన కూర్చోబెట్టి, “అమ్మా, మీ కష్టాలు చెప్పండి” అంది. ఆవిడ కాసేపు ఆలోచించింది. “కష్టాలేమున్నాయమ్మా, సాగర్ కాలువ కింద రెండెకరాలుంది. ఈసారి వరి బాగానే వచ్చింది.” ఇంకోలా అడిగారు. భర్త తాగుతాడా? తాగడు. పిల్లలు చూడరా? చూస్తారు. అమ్మాయి ముఖం వాడిపోయింది. సాయంత్రం పేర్లు చదివినప్పుడు ఆవిడ పేరు లేదు. పొద్దున ఫోను చూసుకుంటూ పాడినవాడి పేరు ఉంది, వాళ్ల నాన్న ఆటో ప్రమాదం గురించి బాగా చెప్పాడట. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, వాడికి దొరికిన దారి అది.

ఇక్కడ ‘పాడుతా తీయగా’ గుర్తుకొస్తుంది. 1996 నుంచి బాలుగారు పిల్లల్ని కూర్చోబెట్టి, ఎక్కడ శ్రుతి జారిందో, ఏ అక్షరం నలిగిందో చెప్పేవారు. తప్పును తప్పనేవారు. అంతకు మించిన మర్యాద ఏముంటుంది పాడేవాడికి?

మన పాలమూరు మొగులయ్య సంగతే చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతూ ఊరూరా తిరిగిన మనిషి. 2021లో సినిమాలో పాడాక లోకం ముక్కున వేలేసుకుంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నాడని వార్త వస్తే మళ్లీ ముక్కున వేలేసుకుంది. మధ్యలో ఆ కిన్నెర ఎవరు విన్నారు?

సూసన్ బాయిల్ ఫైనల్‌లో గెలవలేదు, రెండో స్థానం. గెలిచింది ‘డైవర్సిటీ’ అనే డాన్సు బృందం. మర్నాడే ఆమె అలసిపోయి ఆసుపత్రిలో చేరింది. ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నవంబరులో వచ్చిన ఆల్బమ్ అమెరికాలో మొదటి వారమే 7 లక్షల కాపీలు అమ్ముడైంది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు గొంతును కొన్నారనే నా నమ్మకం. ముఖాన్ని చూపించి కోట్లమందిని ఏడిపించినవాళ్ల లెక్క వేరు.

పోయిన సద్దుల బతుకమ్మకు ఆ మిర్యాలగూడ వైపు ఆవిడ ఊరి నుంచే బేరం వచ్చింది. వెళ్లి స్టాండు పెట్టి, మైకు జానెడున్నర దూరం జరిపి, వాల్యూమ్ ముందే సగానికి దించి కూర్చున్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. స్టాండును పక్కకు తోసి, ఆడవాళ్ల మధ్యకు వెళ్లి ఉయ్యాలో అని అందుకుంది. చెరువు అవతలి గట్టు దాకా వినిపించింది. రాత్రి సామాను ట్రాలీలో వేస్తుంటే దగ్గరికొచ్చి, “మైకు వాడలేదు కదా తమ్ముడూ, కిరాయి తగ్గించు” అంది.

తగ్గించాను.