సవరణ: ఫ్రెడ్ హిల్ చనిపోయింది రోడ్డు మీద కాదు

బ్రిటన్‌లో హెల్మెట్ నిర్బంధాన్ని ఎదిరించిన ఫ్రెడ్ హిల్ గురించి మొన్న రాసిన పోస్టులో, ఆయన బైక్ ప్రమాదంలో పోయారని రాశాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాశాను, పొరపాటు నాదే.

ఆయన 1984 ఫిబ్రవరిలో, 74 ఏళ్ల వయసులో, లండన్ పెంటన్‌విల్ జైల్లో శిక్ష అనుభవిస్తూ కన్నుమూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి మోటార్ సైకిల్ మీద సందేశాలు చేరవేసిన మనిషి, తర్వాత పంతులుగా పనిచేశారు. 1973 జూన్‌లో హెల్మెట్ తప్పనిసరి అయ్యాక కూడా టోపీతోనే బండి నడిపారు. జరిమానా వేస్తే కట్టేవారు కాదు, జైలుకే వెళ్లేవారు. ఆ వయసులో, పదేపదే! అక్కడి బైకర్ల హక్కుల సంఘం రాసుకున్న చరిత్రలో ఈ వివరాలు ఉన్నాయి.

ఇంకొకటి. తలపాగా ధరించే సిక్కులకు 1976లో వచ్చిన మినహాయింపు ఆయన పోరాట ఫలితమని కొందరు అర్థం చేసుకున్నారు. కాదు, అది సిక్కులు విడిగా పోరాడి సాధించుకున్నది. సౌతాల్ ఎంపీ సిడ్నీ బిడ్‌వెల్ ఆ బిల్లు తెచ్చారు. మన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లోనూ అలాంటి మినహాయింపే ఉంది.

హెల్మెట్ వద్దని నేను అనలేదు. హిల్ గొడవ కూడా హెల్మెట్‌తో కాదు, బలవంతంతో. నేను మాత్రం పెట్టుకునే నడుపుతాను, మీరూ పెట్టుకోండి.