మూడో బిడ్డ ఏ లెక్కలో?

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువ మందిని కనాలని ముఖ్యమంత్రి పదేపదే పిలుపునిస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7 మాత్రమే కాబట్టి ఆ చర్చ జరగాల్సిందే. అయితే తిరుపతి జీవకోనలోనో, పుంగనూరు పల్లెల్లోనో ఇప్పటికే నలుగురైదుగురిని సాకుతున్న తల్లుల సంగతి ముందు తేల్చాలి. మన పథకాలు చాలామటుకు గడపలను లెక్కపెడుతున్నాయి, కంచాలను లెక్కపెట్టడం లేదు.

బియ్యమే చూడండి. మామూలు బియ్యం కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోలు. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకైతే ఇంట్లో ఎందరున్నా 35 కిలోలే. ఏడుగురి వరకు ఇబ్బంది లేదు. ఎనిమిదో మనిషి పుట్టిన నాటి నుంచి నిరుపేద కుటుంబం మామూలు కార్డు కన్నా వెనకబడుతుంది. తొమ్మిది మందైతే తలకు నాలుగు కిలోలు కూడా రావు. అంత్యోదయ ఇంట్లోనూ తలకు 5 కిలోలకు తగ్గకూడదని ఒక్క సవరణ చేస్తే సరిపోతుంది.

పథకాల అర్హత నిబంధనలదీ ఇదే తీరు. పట్టణంలో నెలకు 12,000 రూపాయల ఆదాయ పరిమితి ముగ్గురున్న ఇంటికీ, ఏడుగురున్న ఇంటికీ ఒకటే. మొదటి ఇంట్లో తలకు 4,000, రెండో ఇంట్లో 1,714. నెలకు 300 యూనిట్ల కరెంటు పరిమితి సంపన్నులను వడకట్టడానికి పెట్టింది. ఒకే మీటరు మీద రెండు కాపురాలు సాగిస్తున్న అన్నదమ్ములు కూడా అందులో చిక్కుకుంటారు.

తల్లికి వందనం పథకం 2025లో ఈ పద్ధతి మార్చింది. బడికెళ్లే ప్రతి బిడ్డకూ 15,000 కేటాయించి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. నలుగురుంటే 52,000. ఇది మంచి మార్పు, నిలబెట్టుకోవాలి. కానీ ఒకటో తరగతికి ముందు పైసా రాదు. ముగ్గురూ ఆరేళ్లలోపు వాళ్లయితే తల్లి కూలికి వెళ్లలేదు, పథకం డబ్బూ రాదు. వారం వడ్డీ అప్పులు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. తర్వాత వచ్చే 52,000 ఆ అప్పుల కిందే పోతుంది.

తిండి లోటు కూడా అప్పుడే. అంగన్‌వాడీలో మూడేళ్లలోపు బిడ్డకు నెలకిచ్చే రెండున్నర కిలోల బాలామృతం పౌష్టికాహార పొడి రోజుకు వంద గ్రాముల చొప్పున 25 రోజులకు సరిపోవాలి. అన్న, అక్క కూడా గిన్నె పట్టుకు కూర్చుంటే పదిరోజులు ఆగదు. నెలాఖరున తూకంలో బిడ్డ బరువు తగ్గితే తల్లిని తప్పుపట్టడం అన్యాయం. ఆ ఇంట్లో పిల్లలెందరో చూసి ప్యాకెట్లు పెంచాలి.

తిరుపతిలో హోటల్ వంటగదుల పని, పూల పని తెల్లవారకముందే మొదలవుతాయి. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. జీవకోన, కొర్లగుంట వంటి చోట్ల కొన్ని కేంద్రాలైనా ఆరింటికి తెరవాలి. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నడపాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. శ్రీసిటీ, గాజులమండ్యం పరిశ్రమల్లో అది ఎంతవరకు అమలవుతోందో కార్మిక శాఖ లెక్కలు బయటపెట్టాలి.

కేంద్రం నిబంధనలైతే మూడో బిడ్డను గుర్తించనే గుర్తించవు. మాతృ వందన యోజనలో తొలి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000. మూడో కాన్పుకు ఏమీ లేదు. ప్రైవేటు ఉద్యోగినికి 26 వారాల ప్రసూతి సెలవు ఇద్దరు పిల్లలున్నాక 12 వారాలకు పడిపోతుంది. మూడో బిడ్డను కనమనే నాయకులు ఢిల్లీలో ముందుగా అడగాల్సింది వీటి గురించే.

జిల్లాలోనే అయ్యే పని ఒకటుంది. పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు ఉచితం. గడువు దాటితే రుసుము, అనుమతులు, తిరుగుళ్లు. ఆ ధ్రువపత్రం లేక పేరు మామూలు బియ్యం కార్డులోకి ఎక్కని ప్రతి బిడ్డకూ ఏడాదికి 60 కిలోల బియ్యం పోతుంది. తిరుపతి ప్రసూతి ఆసుపత్రి వార్డులోనే సచివాలయ సిబ్బందిని కూర్చోబెట్టి, తల్లి ఇంటికి బయల్దేరేలోపే ధ్రువపత్రం ఇచ్చి, కార్డులో చేర్చే దరఖాస్తు పూర్తి చేయించాలి. తల్లి ఆధార్‌కు బ్యాంకు ఖాతా ముడిపడి ఉందో లేదో అక్కడే చూడాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఉత్తర్వు చాలు.